దానంతట అదే పడే తలుపు

ఇంటి నుంచి, ఆదివారం

ప్రియమైన చిన్నికి,

అక్క రాస్తున్నాను. చెవుల్లో మందు చుక్కలు వేసుకుంటున్నావా? ఆ మిల్లులో ముప్పయ్యేళ్ళు చేసి వినికిడి ఎలాగూ పోగొట్టుకున్నావు, కనీసం నొప్పి రాకుండా చూసుకో. నువ్వు ఫోనులో వినలేవు, నేను ఫోనులో అరవలేను, అందుకని మన బతుకంతా ఈ ఉత్తరాలే అయింది.

మేం ఈ ఏడు కూడా ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. కానీ మన ఓడ కాదు. పదకొండేళ్ళు ఎక్కిన కంపెనీని మీ బావ వదిలేసి వేరే కంపెనీ ఓడలో గది తీసుకున్నారు. నాకు మాట మాత్రం చెప్పలేదు, టికెట్లు తెచ్చి కుట్టుమిషను మీద పెట్టారు. ఆ పాత ఓడలో మెట్లు ఎన్నో నాకు తెలుసు. ఏ మెట్టు జారుతుందో తెలుసు. మా గది తాళంచెవికి ఇత్తడి బిళ్ళ ఉండేది, జేబులో చెయ్యి పెడితే చల్లగా తగిలేది, అది తగిలితే గది భద్రంగా ఉన్నట్టే నాకు. ఇప్పుడు కొత్త ఓడ, కొత్త మనుషులు, అది ఎంత గట్టిదో ఎవరికి తెలుసు.

ఎందుకు మార్చారని అడిగితే, పాతవాళ్ళు ఈ ఏడు నుంచి డెబ్బై దాటినవాళ్ళని డాక్టరు సంతకం తెమ్మంటున్నారట. కొత్తవాళ్ళు ఏ కాయితమూ అడగరట. "ఓడెక్కడానికి డాక్టరెందుకు, మనమేమైనా ఈదుకుంటూ వెళ్తున్నామా" అంటారు. ఆ సంతకమేదో పెట్టించుకుంటే పోయేది కదా అన్నాను. మాట మార్చేశారు.

ఆయన చిక్కారు చిన్నీ. అడిగితే ఎండలంటారు. మొన్న ఒక రోజు నేను బయటికెళ్ళి వచ్చేలోపల తన ప్యాంట్లు నాలుగూ తనే మిషను మీద వేసుకుని నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టేసుకున్నారు. నలభై ఆరేళ్ళుగా ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి, సొంత బట్టల దగ్గరికొచ్చేసరికి నా మీద పడేసేవారు. పోయిన నెల నువ్వొచ్చి పది రోజులున్నావు, కళ్ళజోడు మార్పించుకుంటానని ఆయన నిన్ను వెంటబెట్టుకుని రెండు రోజులు పొద్దు వాలేదాకా తిరిగారు. కళ్ళజోడు పాతదే. నీకేమైనా చెప్పారా? చెప్తే దాచకు.

రాయమంటున్నాను గానీ నీ రాత నాకు అందదు. ఆయనే చదివి వినిపించాలి. నేను బడికెళ్ళింది రెండేళ్ళు, నాకు చదవొచ్చింది ఆయన చేతిరాత ఒక్కటే. కొలతల పుస్తకంలో రాసి, పై కాయితం చింపి గుడ్డకి గుచ్చి నా ఒళ్ళో వేస్తారు, కాజాలు ఎన్ని, గుండీలు ఏ రంగు అని. కార్బన్ కింద నకలు పుస్తకంలో ఉండిపోతుంది. ఆ చీటీలే నా చదువు. ఈ ఉత్తరం కవరు మీద అడ్రసు కూడా ఆయన చేతే రాయిస్తాను.

పన్నెండు రోజులు ఇల్లు నువ్వే చూడాలి. పిల్లికి వేడిపాలు పొయ్యకు. గ్యాసు మీట తిప్పాక ఇంకోసారి చూడు. ఇస్త్రీ పెట్టె తీగ గోడ నుంచి పీకేశాకే బయటికి వెళ్ళు. గుండీల డబ్బా జోలికి మాత్రం వెళ్ళకు, రంగులవారీగా సర్దుకున్నాను.

భయపడుతూనే నిన్ను తలుచుకునే
నీ అక్క


మా ఇంటి నుంచి, బుధవారం

ప్రియమైన అక్కకి, పక్కనే కూర్చుని చదువుతున్న బావకి కూడా,

బావా, నా మాటలు మింగకుండా చదువు. పోయినసారి నేను నీ గురించి రాసిన నాలుగు ముక్కలూ నువ్వు దాటేశావని, నేనొచ్చినప్పుడు అక్కని అడిగితే తెలిసింది.

అక్కా, నేను శనివారం పొద్దున్నకల్లా వచ్చేస్తాను. తాళాలు పై మేడ సంగీతం టీచరమ్మ దగ్గర పెట్టి వెళ్ళండి. పిల్లికి చల్లపాలు, గ్యాసుకి రెండు చూపులు, ఇస్త్రీ పెట్టెకి ఒక చూపు. వంటగది గోడకి రాసి అంటించుకుంటాలే.

బావ నాకేం చెప్తాడక్కా, చెవిటిదానికి. కళ్ళజోళ్ళ షాపులో జనం ఎక్కువ, అందుకని ఆలస్యమైంది. ఫ్రేములు నచ్చక వదిలేశాడు. ఇక చిక్కడం సంగతి, ఈ వయసులో లావెక్కితే అడుగు, చిక్కితే అడక్కు.

నువ్వు భయపడినవాటిలో ఒక్కటైనా జరిగిందా చెప్పు. నా పెళ్ళికి షామియానా కూలుతుందన్నావు, కూల్లేదు. నేను మిల్లులో చేరిన రోజు మగ్గంలో జడ పడుతుందన్నావు, పడలేదు. మీ షాపు పక్కన హోటలు పెడితే నూనె పొగకి గుడ్డలన్నీ పాడవుతాయన్నావు, హోటలే మూతపడింది. నీ భయమే మనందరికీ కాపలా అని బావ అంటుంటాడు. ఓడకి కూడా అదే కాపలా. వెళ్ళిరండి. సముద్రం చూడండి, వేళకి తినండి.

ఓడ ఆగే మూడు రేవుల్లోనూ కంపెనీ ఆఫీసుల అడ్రసులు పంపించావు కదా, మూడో రేవుకి నా ఉత్తరం అందేలా వేస్తాను.

మీ ఇద్దరి
చిన్ని


ఓడ మీద, మూడో రోజు

ప్రియమైన చిన్నికి,

బతికే ఉన్నాం. ఓడ ఊగుతుంది గానీ పెద్దగా కాదు. నేను మంచం పక్కన గోడకి చెయ్యి ఆనించి పడుకుంటున్నాను, గోడ ఏమైనా కదిలితే ముందు నాకే తెలుస్తుందని.

ఈ ఓడ బాగుంది, అది ఒప్పుకోవాలి. తివాచీలు మెత్తగా ఉన్నాయి. పాత ఓడలో అయితే ఎక్కగానే వడ్డించే ఆయన "వచ్చారా టైలరుగారూ" అనేవాడు. ఇక్కడ మమ్మల్నెవరూ ఎరగరు. మీ బావకి అదే నచ్చినట్టుంది. ఎవరూ "అలా అయిపోయారేంటండీ" అని అడగడం లేదు కదా.

తలుపు ఒక్కటే నాకు మనశ్శాంతి లేకుండా చేస్తోంది. ఈ ఓడలో గదికి తాళంచెవి లేదు. అట్టముక్క లాంటి కార్డు ఇచ్చారు. తలుపు వదిలేస్తే దానంతట అదే మూసుకుని టక్ మంటుంది, తాళం పడినట్టేనట. పడిందని ఎలా నమ్మేది? మనం తిప్పలేదు, బిగించలేదు. రోజుకి నాలుగైదు సార్లు భోజనాల హాలు నుంచి, పై డెక్కు నుంచి దిగొచ్చి లాగి చూస్తున్నాను. గది సర్దే అమ్మాయి నన్ను చూసి, "అమ్మమ్మా, అది దానంతట అదే పడుతుంది" అంది. మీ బావా అదే పాట. "కూర్చో గుండీలమ్మా, అది దానంతట అదే పడుతుంది." నీకు తెలుసుగా, పెళ్ళైనప్పటినుంచీ నేను తలుపు చూసొస్తానని లేవడం, ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టడం. ఒక్కసారి కూడా చూసిరా అన్న పాపాన పోలేదు.

నిన్న కెప్టెన్ అందర్నీ పలకరించడానికొచ్చాడు. పెద్ద మనిషి, బంగారు చారలు. మీ బావ ఆయన చేతిలో చెయ్యి కలిపి, "మీ కోటు ఎడమ భుజం అరంగుళం దిగింది బాబూ, కుట్టినవాడు మీరు నిలబడ్డప్పుడు కొలవలేదు, మాట్లాడుతుండగా కొలిచాడు" అన్నారు. నాకు చెమటలు పట్టాయి, దింపేస్తారేమోనని. కెప్టెన్ మాత్రం అద్దంలో చూసుకుని, నిజమేనండీ, ఇన్నాళ్ళూ నా భుజమే వంకరనుకున్నాను అని వెళ్ళాడు.

తిండి సంగతి రాయాలి. మీ బావ కంచంలో పెట్టించుకుంటారు, మాట్లాడుతూ కలుపుతారు, కలుపుతూ మాట్లాడతారు. రొట్టె ముక్కలు జేబురుమాల్లో చుట్టి జేబులో వేసుకుంటారు. తర్వాత, నేను తలుపు చూడ్డానికి దిగినప్పుడు, పక్షులకి విసురుతారు. నేను మెట్ల మలుపు దగ్గర నిలబడి అంతా చూసి, అప్పుడు వస్తాను. "బాగా తిన్నానోయ్, కడుపు బరువెక్కింది" అంటారు. మంచిదండీ అంటాను.

మధ్యాహ్నాలు నిద్రపోతున్నారు. ఏవో మాత్రలు వేసుకుంటున్నారు, ఓడ ఊపుకి వాంతి రాకుండానట. ఓడ ఆగి ఉన్నప్పుడు కూడా వేసుకుంటున్నారు. ఈ ఉత్తరం ఆయనకి చూపించడం లేదు, కవరు మీద అడ్రసు గది సర్దే అమ్మాయి చేత రాయిస్తాను.

పిల్లి ఎలా ఉంది? గ్యాసు?

ఒడ్డు కనపడితే కాస్త ఊపిరాడే
నీ అక్క


అక్కా బావల ఇంటి నుంచి, మంగళవారం

ప్రియమైన అక్కకి,

పిల్లి క్షేమం, గ్యాసు క్షేమం, నేనూ క్షేమం. సంగీతం టీచరమ్మ నాకు చెవుడని తెలిసి మురిసిపోయింది, ఇన్నేళ్ళకి కింద ఫిర్యాదు చెయ్యని మనిషి దొరికిందని.

ఒక తప్పు జరిగింది. గుండీల డబ్బా జోలికి వెళ్ళొద్దన్నావు, నేను వెళ్ళలేదు, పిల్లి వెళ్ళింది. అల్మరా మీద నుంచి తోసేసింది. గదినిండా గుండీలే. మోకాళ్ళ మీద పాకుతూ ఏరాను. అన్నీ ఏరి వెయ్యబోతే డబ్బా అడుగున ఒక కాయితం కనిపించింది.

బావా, ఇక్కడిదాకా గట్టిగా చదివావు కదా. ఇప్పుడు కుర్చీ అక్క దగ్గరికి జరుపుకో. మిగతాది కూడా గట్టిగానే చదువు. ఒక్క ముక్క దాటెయ్యకు. నా రాత అక్కకి రాదు, చదవాల్సింది నువ్వే, అది తెలిసే రాస్తున్నాను.

ఆ రోజు కళ్ళజోళ్ళ షాపుకని నన్ను తీసుకెళ్ళింది ఆసుపత్రికి. డాక్టరు చెప్పింది నాకు వినపడలేదు. బయట బెంచీ మీద కూర్చుని ఏమన్నాడు ఏమన్నాడని నీ మొహంలోకి చూశాను. నువ్వు జేబులోంచి కొలతల పుస్తకం తీసి రాశావు. "కడుపులో గడ్డ. ముదిరింది. కోత పనికిరాదు. ఆర్నెల్లన్నారు. మీ అక్కకి చెప్పకు. భయంతో నాకన్నా ముందు పోతుంది." చింపి నాకిచ్చావు. చదివి, నీ కళ్ళెదురుగానే ముక్కలు చేసి పడేశాను. ఇక ఆనవాలు మిగల్లేదనుకున్నాం ఇద్దరం.

కార్బన్ మర్చిపోయావు బావా.

డబ్బా అడుగున ఉన్నది ఆ నకలే. నాలుగు మడతలు వేసి ఉంది. మడతల దగ్గర కాయితం బట్టలా మెత్తబడిపోయింది, ఎన్నిసార్లు విప్పి చూసిందో మరి. అక్కకి తెలుసు. పోయిన నెల నుంచీ తెలుసు. నీ రాత ఒక్కటే ఆమెకి వచ్చు, ఆ రాతలోనే రాసిచ్చావు.

మీరిద్దరూ ఒకటే గదిలో, ఒకే సంగతి ఒకరి దగ్గర ఒకరు దాచుకుని సముద్రం చూస్తున్నారు. నాకు చేతకావడం లేదు. మాటివ్వమన్నావు, ఇచ్చాను, ఇప్పుడు తప్పుతున్నాను. తిట్టాలనుంటే వచ్చాక తిట్టు, ఎలాగూ వినపడదు.

అక్కా, ఆయన చెయ్యి పట్టుకో.

చిన్ని


ఓడ మీద, తొమ్మిదో రోజు

ప్రియమైన చిన్నికి,

నీ ఉత్తరం ఈ పొద్దున్న రేవులో అందింది. ఓడ సాయంత్రం అయిదుకి కదులుతుంది, ఈలోపు ఇది పోస్టు డబ్బాలో వెయ్యాలి. తొందరలో అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకు.

పై డెక్కు మీద ఎండలో కూర్చున్నాం. ఆయన చదివారు. పిల్లి డబ్బా తోసింది అన్నప్పుడు నవ్వారు. కాయితం అనగానే నేను కుర్చీ అంచు పట్టుకున్నాను, ఆయన మాత్రం గమనించక కుర్చీ జరుపుకుని చదువుతూనే ఉన్నారు. ఒక్క ముక్క దాటెయ్యలేదు చిన్నీ, నువ్వు చెప్పినట్టే. గడ్డ అని కూడా గట్టిగానే చదివారు. ముందు కుర్చీలో వాళ్ళు తిరిగి చూశారు. "భయంతో నాకన్నా ముందు" అన్నచోట ఆగారు. మళ్ళీ మొదటినుంచి ఆ వాక్యం చదివి, చివరిదాకా వెళ్ళి, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఎప్పటినుంచి?" అన్నారు.

"మీరు కళ్ళజోడు మార్పించుకొచ్చిన మర్నాటి నుంచి" అన్నాను. "ఎవరివైనా కొత్త కొలతలున్నాయేమోనని పుస్తకం తిరగేశాను."

"నలభై ఆరేళ్ళలో ఒక్క నకలు పోగొట్టలేదు" అని నవ్వడం మొదలెట్టారు. నవ్వుతూ నవ్వుతూ మొహానికి టోపీ అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు కాదని నాకు తెలుస్తూనే ఉంది. నువ్వు చెప్పినట్టే చెయ్యి పట్టుకున్నాను.

నువ్వు అనుకుంటావు, తెలిసి కూడా ఎందుకు నోరు మూసుకున్నావు అని. చీటీ చదివిన రోజు ఎలా ఉన్నానో రాయలేను. కానీ ఒకటి అర్థమైంది. కత్తెర పట్టుకుంటే ఆయన చెయ్యి వణుకుతోంది. మిషను తొక్కితే ఆయాసం. నన్ను భయపెట్టకుండా ఉండటం ఒక్కటే ఆయనకి మిగిలిన పని. పొద్దున్నే లేచి శ్రద్ధగా చేస్తున్న పని అది. దాన్ని కూడా ఎలా లాక్కోను? అందుకని గ్యాసు గురించి, పిల్లి గురించి, తలుపు గురించి ఎప్పటికన్నా ఎక్కువగా భయపడ్డాను. చిన్నవాటికి భయపడుతున్నంతసేపూ దీనికి పెద్దది తెలీదు అని ఆయన నిశ్చింతగా ఉండేవారు. నీకు రాసిన మొదటి ఉత్తరంలో కూడా, నీకేమైనా చెప్పారా అని అడిగింది అందుకే, కవరు మూసేముందు ఆయన చూస్తారని. నీతో అబద్ధమాడాను. నువ్వూ నాతో ఆడావు. సరికి సరి.

తర్వాత ఆయన చొక్కా మెడ దగ్గర వేలు పెట్టి చూసుకున్నారు. "ఈ గుండీ నువ్వు జరిపావా?" అన్నారు. అన్ని చొక్కాలకీ కాలరు గుండీ వేలెడు జరిపాను, వదులు కనపడకుండా. "నా మెడ చిక్కలేదని సంబరపడ్డానే" అన్నారు. నీ ప్యాంటు నడుములు నువ్వు లోపలికి పట్టుకున్నావు, నా వంతు గుండీలు నేను జరిపాను అన్నాను. ఎప్పుడూ మీరు అనేదాన్ని, నువ్వు అని వచ్చేసింది నోటికి. ఆయన పట్టించుకోలేదు, లేదా నచ్చిందో.

చాలాసేపు మాట్లాడుకున్నాం. షాపు తెరిచిన రోజు సంగతులు. మాకు పిల్లలు లేకపోవడం సంగతి, ఎప్పుడూ ఎత్తని మాట, అదీ ఎత్తారు. అప్పుడు అడిగారు, "ఇన్ని భయాలున్నాయి కదా నీకు, అన్నిట్లోకీ ఏది పెద్దది?" అని. నాకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది. "ఆ నిమిషం" అన్నాను. "ఆ నిమిషం నా కళ్ళముందు జరిగితే నేను చూడలేను. చూడలేనండీ, నా వల్ల కాదు."

ఆయన "సరే" అన్నారు. షాపులో ఎవరైనా చొక్కా చెయ్యి పొడుగు ఇంత పెట్టండి అంటే అంటారే, అలా. రాసుకున్నట్టు.

మధ్యాహ్నం భోజనం దగ్గర రొట్టె దాచుకోలేదు. ఇద్దరం కలిసే పక్షులకి వేశాం. మాత్రలు నేనే లెక్కపెట్టి ఇచ్చాను. నిన్ను తిట్టమన్నారు, తిట్టానని రాయమన్నారు. ఇంటికొచ్చాక ముగ్గురం కలిసి గుండీలు మళ్ళీ సర్దుకుందాం.

చాలా రోజులకి తేలిగ్గా ఉన్న
నీ అక్క


మా ఇంటి నుంచి, శుక్రవారం

ప్రియమైన అక్కకి,

నేను వచ్చేసి మూడు వారాలైంది. ఈ ఉత్తరం సంగీతం టీచరమ్మ చదివి వినిపిస్తానంది, ఆమె పేరు మీదే పంపిస్తున్నాను. బావ గొంతులో వినాల్సిన నా మాటలు వేరేవాళ్ళ గొంతులో వింటావు, అది తలుచుకుంటే కలం సాగడం లేదు.

రేవులో నువ్వు దిగినప్పుడు బావ కోటు చేతి మీద వేసుకుని ఉన్నావు. ఓడ డాక్టరు, కెప్టెన్ నీ వెనక నడుస్తున్నారు. కెప్టెన్ నాతో ఏదో చెప్పాడు, పెదవులు చూసి పోల్చుకున్నాను, నిన్న మధ్యాహ్నం అన్నాడు. ఒక్కరోజు. ఒక్కరోజు ఆగి ఉంటే ఇంటికి చేరేవాడు. నువ్వు ఏమీ చెప్పలేదు. తర్వాత జరగాల్సినవన్నీ జరుగుతున్న రోజుల్లోనూ చెప్పలేదు. చెవిలో అరిచి చెప్పే మాట కాదేమోనని నేనూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నది ఎందుకంటే, నాకు భయంగా ఉంది. నీ భయం నాకు అంటుకుంది. నేను బస్సెక్కే రోజు నువ్వు వీధి చివరిదాకా వచ్చావు, వెనక్కి చూస్తే మీ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు అక్కా అన్నాను, నువ్వు చెయ్యి ఊపావు, అంతే. టీచరమ్మ రాసింది, పగలంతా తలుపు తీసే ఉంటుందట. పొయ్యి మీద గిన్నె మాడిపోయిందట. ఇస్త్రీ పెట్టె తీగ గోడకే ఉందట. నువ్వు, నా అక్కవి, ఒక్కసారి కూడా లేచి చూడటం లేదట.

అన్నిటికీ భయపడే అక్కే నాకు తెలుసు. దేనికీ భయపడని అక్కని ఎలా చూసుకోవాలో నాకు తెలీదు.

ఆ రోజు ఏం జరిగింది? నీకు వచ్చినట్టు రాయి. నేను చదువుకుంటాను.

నీ చిన్ని


ఇంటి నుంచి

ప్రియమైన చిన్నికి,

టీచరమ్మ చదివింది. పాపం, మధ్యలో ఆమే ఏడ్చింది, నేను మంచినీళ్ళిచ్చాను. కవరు మీద అడ్రసు కూడా ఆమే రాస్తానంది. లోపలి మాటలు మాత్రం నేనే రాస్తున్నాను, నాలుగు రోజులు పట్టింది.

పదకొండో రోజు. ఎండ బాగా కాసింది. భోజనం అయ్యాక పై డెక్కు మీదికి వెళ్దామన్నారు. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది, రెండు చోట్ల నిలబడ్డాం. కుర్చీలు రెండు పక్కపక్కన వేయించుకున్నాం. జేబులోంచి టేపు తీసి నా మణికట్టు కొలిచారు, ఊరికే. "పెళ్ళినాడు ఎంతో ఇప్పుడూ అంతే" అన్నారు. అబద్ధం చిన్నీ, రెండంగుళాలు పెరిగుంటుంది. సముద్రం కదలకుండా ఉంది. నేను చాలా సంతోషంగా ఉన్నాను, అది కూడా రాయాలి కదా. తలుపు మాట నాకు గుర్తే లేదు.

ఆయన నావైపు తిరిగి అడిగారు, "గుండీలమ్మా, గది తలుపు పడిందంటావా?"

పడే ఉంటుందండీ అన్నాను.

"ఏమో, నాకు అనుమానంగా ఉంది. వెళ్ళి ఒకసారి చూసిరా. తొందరేం లేదు, మెల్లగా దిగు. నేనెక్కడికి పోతాను."

నేను లేచాను. నాకు సంతోషం కూడా వేసింది చిన్నీ, ఇన్నాళ్ళకి ఈయనకీ నా జబ్బు అంటుకుంది అని. నవ్వుకుంటూ మెట్లు దిగాను. గది సర్దే అమ్మాయి ఎదురొస్తే, ఈసారి నేను కాదమ్మా, ఆయనే పంపించారు అని చెప్పాను. తలుపు లాగి చూశాను. పడే ఉంది. అలవాటుకొద్దీ మూడుసార్లు లాగాను. మూడుసార్లెందుకు లాగాలి?

పైకి వెళ్ళేసరికి ఆయన కోటు విప్పి నా కుర్చీ మీద పరిచి ఉంచారు, ఎవరూ వచ్చి కూర్చోకుండా. టోపీ మొహం మీదికి దించుకుని ఉన్నారు. పడిందండీ తలుపు అన్నాను. పడే ఉంది, ఊరికే కంగారు పెట్టారు అన్నాను. కూర్చుని ఇంకా ఏదో మాట్లాడాను. ఎంతసేపు మాట్లాడానో తెలీదు. పక్షి ఒకటి వచ్చి ఆయన బూటు దగ్గర రొట్టె ముక్క ఎత్తుకుపోయింది, ఆయన కాలు కదల్లేదు. అప్పుడు చెయ్యి పట్టుకున్నాను.

డాక్టరు వచ్చి, నొప్పి తెలిసి ఉండదమ్మా, నిద్రలో జరిగినట్టే అన్నాడు. నేను తల ఊపాను. నిద్రలో అయితే తలుపు సంగతి ఎందుకడుగుతారు?

అది దానంతట అదే పడే తలుపు చిన్నీ. పది రోజులుగా నాకు చెప్పి చెప్పి విసిగిపోయింది ఆయనే. నలభై ఆరేళ్ళలో ఒక్కసారి అడగని మాట ఆ రోజు అడిగారు. ఆయనకి తెలిసింది. ఎలా తెలిసిందో, లోపల ఏమనిపించిందో నాకు తెలీదు. తెలిసి, నన్ను మెల్లగా దిగమని పంపించేశారు.

పెళ్ళైనప్పటినుంచీ రోజుకి పది భయాలు చెప్పాను ఆయనకి. అన్నీ నవ్వి పారేశారు. కూర్చోబెట్టారు. ఒక్కటి, ఆ తొమ్మిదో రోజు చెప్పింది, ఆ ఒక్కటీ నవ్వలేదు. సరే అన్నారు. రాసుకున్నారు.

తలుపు ఎందుకు వెయ్యడం లేదని అడిగావు. తలుపు మీద చెయ్యి వేస్తే వెనక ఎవరో కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. గడియ పెట్టి తిరిగేలోపల వెళ్ళిపోతారేమోనని ఉంటుంది. అందుకని లేవడం లేదు. ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉంటున్నాను. గిన్నె మాడితే మాడనీ.

నువ్వు రా. వచ్చి కొన్నాళ్ళుండు. తలుపులు నువ్వు వేద్దువుగాని, నేను నీ పక్కన నిలబడతాను.

గుండీలు ఇంకా అలాగే కలిసిపోయి ఉన్నాయి. నిన్న సర్దుదామని డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ కాయితం తీశాను. అందులో ఉన్నవన్నీ సరిగ్గానే రాశారు చిన్నీ, చివరి మాట తప్ప. నేను ఆయనకన్నా ముందు పోలేదు. ఆయన పక్కన కూర్చుని ఆ చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడే పట్టుకుని ఉండగలిగేదాన్ని. చూడగలిగేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది. ఆయన జీవితమంతా ఎవరు ఏ కొలత చెప్తే ఆ కొలతకే కుట్టారు, ఆఖరిది కూడా చెప్పినట్టే కుట్టిచ్చారు. కొలత నేనే తప్పు చెప్పాను.

నీ అక్క